ఊడి రావలసిన ముక్కు

మార్చి 4, సోమవారం

అన్నయ్యగారూ, ముందు మీరన్న మాట ఒకటి దిద్దాలి. వణికేవి నా చేతులు కావు, నా తల. అది కూడా ఎవరైనా మైకు పట్టుకుని తెలియని సంగతిని తెలిసినట్టు చెబుతుంటేనే. చేతులు శుభ్రంగా ఉన్నాయి. పొద్దున్న సూదిలో దారం ఎక్కించి చూసుకున్నాను, మొదటిసారికే ఎక్కింది.

ఈ డైరీ ఎవరూ చదవరు కాబట్టి ఇందులో మీతోనే మాట్లాడతాను. ఎదురుగా మాట్లాడే వీల్లేదు. మీరు మా అమ్మాయికి మామగారు. నిన్న మైదానంలో నేను నోరు తెరవబోతే అమ్మాయి నా మోచెయ్యి నొక్కిపట్టింది. వేళ్ల గుర్తులు ఇంకా పోలేదు. వియ్యంకుడి ముందు నోరు కుట్టుకోవాలట. కుట్టుకున్నాను. చేతులు కట్టుకోమని మాత్రం ఎవరూ అనలేదు.

జరిగింది జరిగినట్టు రాస్తాను. నా రాకెట్ చక్కగా పైకి వెళ్లింది. ఎక్కగలిగినంత ఎక్కి ఒక పక్కకు ఒరిగింది. అక్కడ ముక్కు ఊడి పారాచూట్ బయటికి రావాలి. రాలేదు. తలకిందులై ఈల వేసుకుంటూ దిగి, కార్లు నిలిపిన వరసకు కాస్త ఇవతల గడ్డిలో సగానికి దిగబడింది. ఎవరికీ ఏమీ కాలేదు. నా పరువు తప్ప.

మీరు మన రాకెట్ క్లబ్బుకు క్షేమాధికారి. మీ టోపీ మీద కూడా రాసి ఉంటుంది, మేము మరిచిపోకుండా. మైకు తీసుకున్నారు. “మా చెల్లెమ్మగారికి వయసు మీద పడింది. చేతులు వణుకుతున్నాయి, మర సరిగా బిగించి ఉండరు. గ్యాస్ సామాను ఇక ఈ మైదానంలోకి రాదు” అన్నారు. ఎవరెవరు నవ్వారో నాకు గుర్తుంది. అక్కడితో ఆగి ఉంటే ఇంత సిరా ఖర్చయ్యేది కాదు. మైకు కట్టేశాక పిల్ల వైపు తిరిగారు. “ఆదివారాలు ఆ షెడ్డుకు వెళ్లడం మానెయ్ తల్లీ” అన్నారు.

పిల్ల అంటే మీ అబ్బాయికీ మా అమ్మాయికీ ఉన్న ఒక్కగానొక్క కూతురు. మీకూ నాకూ ఉమ్మడి ఆస్తి. కాలేజీలో చేరినప్పటి నుంచి దాని ఆదివారాలన్నీ నా షెడ్డులోనే గడిచాయి. తన సొంత రాకెట్‌ను గ్యాస్ సామానుతో ఎగరేసి, క్లబ్బువారి పెద్ద రాకెట్ల లైసెన్సు తెచ్చుకోవాలని దాని ఆశ. అది సగం కట్టి నా బల్ల మీద ఉంది. ఆ రాకెట్‌నూ ఆ ఆదివారాలనూ మీరు ఒక్క మాటతో తెంపేశారు.

దీనికి జవాబు ఉంటుంది.

మార్చి 5

ఇది పగ కాదని ముందే రాసిపెడుతున్నాను. శాస్త్రీయ విచారణ.

మార్చి 7, గురువారం

శవపరీక్ష పూర్తయింది.

నా సామాను ఏమిటో మీకు ఒకసారి చెప్పాను. మీరు వింటున్నట్టు తల ఊపారు. మళ్లీ చెబుతాను. అది సైకిల్ ట్యూబులు నింపుకునే బొటనవేలంత ఉక్కు బుడ్డి, లోపల ఒత్తిపట్టిన గ్యాసు. మెడకు మర, మూతికి పలచని సీలు. రాకెట్ పైకి చేరగానే చిటికెడు తుపాకిమందు అంటుకుని ఒక సూదిని తోస్తుంది. సూది సీలును పొడుస్తుంది. గ్యాసు గొట్టమంతా నిండి ముక్కును తోసేస్తుంది, దాని వెనకే పారాచూట్. మీరంతా చేసేది మోటు పని: చారెడు మందు గొట్టంలోనే పేల్చడం. ముక్కు ఊడుతుంది, కాదనను. పారాచూట్‌కు చిల్లులు కూడా పడతాయి. నా పారాచూట్లు కుట్టే పక్కింటి టైలరు మాసికలు వేసి వేసి విసిగిపోయి, “అమ్మగారూ, వీటిని ఆకాశంలో ఇస్త్రీ చేస్తున్నారా?” అని అడిగిన రోజున నేను గ్యాసుకు మారాను.

బుడ్డిని విప్పి చూశాను. మర గట్టిగా ఉంది. సీలుకు చిల్లు గుండ్రంగా, నడిమధ్యన ఉంది. బుడ్డి ఖాళీ. అంటే సూది పొడిచింది, గ్యాసు వచ్చింది, వణుకుతున్న చేతులు బిగించిన మర బిగించినట్టే నిలిచింది. ముప్పై ఏళ్లు ఆడపిల్లల కాలేజీలో వాయువుల పాఠం చెప్పినదాన్ని, ఒక బుడ్డి బిగించలేనా.

మరి ముక్కు ఎందుకు ఊడలేదు? ముక్కు కింద గొట్టంలోకి దూరే కాలరు ఒకటి ఉంటుంది. అది లొడలొడలాడకుండా కాగితం టేపు ఒక చుట్టు చుడతాను, లేత పసుపుది. చితికిపోయిన గొట్టాన్ని కత్తెరతో కోసి కాలరు బయటికి తీశాను. నా పసుపు టేపు ఉంది. దాని మీద నీలం టేపు ఉంది. ఒక చుట్టు కాదు, ఆప్యాయంగా, మళ్లీ మళ్లీ.

గోడలకు రంగులేసేవాళ్లు వాడే ఆ నీలం టేపు ఎవరిదో మైదానంలో పసిపిల్లాడికైనా తెలుసు. చుట్టకు చుట్ట ముంజేతికి కడియంలా వేసుకు తిరిగేది మీరొక్కరే.

తనిఖీ బల్ల దగ్గర నా రాకెట్ మీ చేతిలో పెట్టి, కళ్లజోడు కోసం కారు దగ్గరికి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి “అంతా భేషుగ్గా ఉంది” అన్నారు. ముక్కు కాస్త వదులుగా కనిపించి ఉంటుంది, చేతిలో టేపు ఉంది, చుట్టేశారు. చుట్టానని చెప్పాలని కూడా తోచలేదు. ఉద్యోగమంతా లిఫ్టులు తనిఖీ చేసిన మనిషి. పడిపోకూడని వస్తువులనే చూస్తూ వచ్చారు. లోకంలో ఊడి రావలసిన వస్తువు కూడా ఒకటి ఉంటుందని మీకు ఎవరూ చెప్పలేదు.

నేను చెబుతాను. తొందరేముంది.

మార్చి 10, ఆదివారం

పిల్ల రాలేదు. షెడ్డు ఊడ్చాను. ఊడ్చిందే మళ్లీ ఊడ్చాను.

మార్చి 14, గురువారం

కోర్టులో నిలబడే సాక్ష్యం కావాలి కదా. టేపు చూపిస్తే “బిగుతుగా ఉండటం మంచిదేగా” అంటారు మీరు. అందుకని పరీక్షలు పెట్టాను.

పాత రాకెట్ గొట్టాన్ని షెడ్డులో బల్ల మీద పడుకోబెట్టి తాళ్లతో కట్టాను. ఎదురు గోడకు పాత పరుపు వేలాడదీశాను. వైరు వంటింటి కిటికీ దాకా లాగి, చివర పాత కాలింగ్ బెల్ బటన్ బిగించాను. బెల్లు నొక్కితే తలుపు తీయడానికి మనుషులు రారు, ముక్కు వస్తుంది.

మొదట నా పసుపు టేపు. పారాచూట్ మడిచి లోపల పెట్టి, బటన్ నొక్కాను. టప్పున ఊడి ముక్కు పరుపుకు తగిలింది, పారాచూట్ నేల మీద పరుచుకుంది. గుడ్డ మీద మసి చుక్క లేదు. టైలరు గోడ మీంచి తొంగిచూసి సంతోషించాడు.

తర్వాత నీలం టేపు. మీ చెయ్యి గుర్తుచేసుకుంటూ, మీలాగే గట్టిగా లాగి చుట్టాను. నొక్కాను. ఉస్సుమంది. చాలాసేపు ఉస్సుమంటూనే ఉంది. దగ్గరికి వెళ్లి చూస్తే బుడ్డి మెడ చుట్టూ మంచు పేరుకుంది, ముక్కు పెళ్లిపీటల మీద పెద్దమనిషిలా కదలకుండా కూర్చుని ఉంది. గ్యాసంతా అతుకుల్లోంచి జారిపోయింది.

చివరికి అదే నీలం టేపు మీద మీ మందు. డామ్మంది, ముక్కు ఎగిరిపడింది, పారాచూట్‌కు రూపాయి బిళ్లంత చిల్లు. టైలరు లోపలికి వెళ్లిపోయాడు.

తేలిందిదీ: మందు తంతుంది, గ్యాసు తోస్తుంది. తన్నేదానికి బిగుతు అడ్డం కాదు. తోసేదానికి తలుపు గడియ తీసి ఉంచాలి. మీకు తన్నులే అలవాటు కాబట్టి తెలియలేదు.

మార్చి 17, ఆదివారం

అమ్మాయి ఒక్కతే వచ్చింది. పిల్ల ఏదని అడగలేదు, అడగకుండానే చెప్పింది. పిల్ల ఇప్పుడు ఆదివారాలు మీ మేడ మీది గదిలో ఉంటోందట. మీరు మీ పెద్ద ఎర్ర రాకెట్‌కు గ్యాస్ సామాను పెడుతున్నారట. మైదానంలోకి రాదన్న గ్యాసును క్షేమాధికారి స్వయంగా పరీక్షించాలి కదా, అదీ కారణం.

“మామయ్యగారు నిన్నేమీ తక్కువ చేయట్లేదమ్మా. అయిడియా బాగుంది, చెయ్యే బాగాలేదు అంటున్నారు.”

అమ్మాయి దీన్ని మంచి మాటగా మోసుకొచ్చింది. టీ ఇచ్చాను. టేపు సంగతి నాలుక చివరి దాకా వచ్చింది, టీతో పాటు మింగేశాను. ఇప్పుడు చెబితే మీరు గదిలో కూర్చుని గుట్టుగా సరిదిద్దుకుంటారు. నాకు అన్నది మైకులో.

అమ్మాయి వెళ్లాక షెడ్డులో కూర్చుని ఆలోచించాను. ఏప్రిల్ లాంచ్‌లో మీ ఎర్ర రాకెట్ ఎగురుతుంది. ఎగిరే ముందు మీరు దాని ముక్కు ఊపి చూస్తారు. కాస్త వదులు అనిపిస్తుంది. ముంజేతి కడియం తీస్తారు.

నేను చేయవలసింది ఏమీ లేదు. కుర్చీ వేసుకుని కూర్చోవడమే. ఏమీ చేయకపోవడంలో ఇంత రుచి ఉందని ఈ వయసులో తెలిసింది.

మార్చి 20

పగ కాదు. మీ చదువు కోసం.

మార్చి 26, మంగళవారం

పిల్ల ఫోన్ చేసింది. గొంతు తగ్గించి మాట్లాడింది. మీరు పక్క గదిలో ఉన్నట్టున్నారు. భోంచేశావా, మోకాలు ఎలా ఉంది, అన్నీ అయ్యాక అడిగింది: “అమ్మమ్మా, గ్యాసుకి ముక్కు ఎంత బిగుతుగా ఉండాలి?”

ముక్కు పట్టుకుని రాకెట్‌ను ఎత్తి కాస్త ఊపితే ఒళ్లు తనంతట తానే జారాలి. అంతే సమాధానం. ఒక్క ఊపిరిలో చెప్పవచ్చు.

“మీ తాతగారున్నారుగా, ఆయన్నే అడుగు” అన్నాను.

 సరేనని ఫోన్ పెట్టేసింది.

నేను చెప్పినదాంట్లో అబద్ధం లేదు. నన్ను వద్దన్నది మీరు. నా చెయ్యి బాగాలేదన్నదీ మీరు. బాగాలేని చేతిని సలహా అడగడమేమిటి?

మార్చి 27

అడిగింది. చెప్పలేదు. అంతే కదా.

ఏప్రిల్ 2, మంగళవారం

ఇంకోసారి నీలం టేపు పరీక్ష పెట్టాను. అవసరం లేదు, ఫలితం తెలిసిందే. ఆ ఉస్సు వినాలనిపించింది. షెడ్డులో మిగిలిన చివరి బుడ్డి అది. వినడం అయ్యాక డబ్బా ఖాళీ.

మీ ఎర్రది నాదానికంటే చాలా బరువు. అయితే ఏమైంది, మైదానం పెద్దది. పడిన రాకెట్‌ను వెతికి తెచ్చేవాళ్లు అవతలి చివర, నీళ్ల ట్యాంకు దగ్గర నిలబడతారు. పిల్ల వాళ్లతోనే ఉంటుంది. ప్రతిసారీ అక్కడే ఉంటుంది.

ఏప్రిల్ 6, శనివారం

గొడుగు తీసి దులిపాను. మడత కుర్చీ కారులో పెట్టించాను. ఇస్త్రీ చేసిన బట్టలు కట్టుకుంటాను. ఇలాంటి రోజున నలిగిన బట్టలతో ఉండకూడదు.

ఏప్రిల్ 7, ఆదివారం

వరసగా రాయకపోతే నాకే అర్థం కాదు.

గాలి లేదు. జెండా కర్రకు అతుక్కుని ఉంది. మైదానం చుట్టూ తాడు, తాడుకు ఇవతల కార్లు, కుర్చీలు, జనం. నా కుర్చీ తాడు పక్కనే వేయించుకున్నాను, మీ మైకు బాగా వినిపించేలా. నన్ను చూసి “చెల్లెమ్మగారు వచ్చారు, సంతోషం” అని మైకులోనే అన్నారు. గొడుగు కాస్త పైకెత్తాను.

ఎర్ర రాకెట్‌ను ఇద్దరు మోసుకొచ్చి తనిఖీ బల్ల మీద పెట్టారు. మీరు ముక్కు ఊపి చూశారు. మొహం చిట్లించారు. చేతి నుంచి టేపు తీశారు. చుట్టారు, లాగారు, మళ్లీ చుట్టారు. నా రాకెట్‌కు చుట్టినప్పుడు చూడలేకపోయిన దృశ్యం, ఇప్పుడు మొదటి వరసలో కూర్చుని చూశాను. నెల రోజులుగా ఎదురుచూసిన క్షణం. బాగుంది. అబద్ధమెందుకు, చాలా బాగుంది.

అప్పుడు మీరు మైకు తీసుకుని, ఈ రాకెట్‌కు సగం పని చేసింది మా మనవరాలు, కాబట్టి బటన్ నొక్కే గౌరవం కూడా దానిదే అన్నారు. చప్పట్లు కొట్టారు. పిల్ల నీళ్ల ట్యాంకు దగ్గర లేదు. లాంచ్ స్తంభానికి అందరికంటే దగ్గరగా ఉండే బల్ల దగ్గరికి నడిచి వచ్చింది. మీరు ఆ నీలం టేపు చుట్టను తీసి, ముచ్చటగా దాని ముంజేతికి తొడిగారు.

గాలి లేదని పైన రాశాను. గాలి లేనప్పుడు నిటారుగా పైకి వెళ్లింది నిటారుగా కిందికి వస్తుంది.

లేచాను. గొడుగు ఎక్కడ పడిందో తెలియదు. తాడు కింద నుంచి దూరడం మోకాలికి చేతకాక, చేత్తో కిందికి నొక్కి దాటాను.

“చెల్లెమ్మగారూ, తాడు” అన్నారు మీరు, మైకులో.

“ముక్కు పట్టుకుని ఎత్తించండి” అన్నాను.

ఎందుకని అడిగారు. ఎత్తించమని మళ్లీ అన్నాను. ఒళ్లు జారితే నా కుర్చీకి నేను పోతాను, మళ్లీ లేవను అన్నాను. అమ్మాయి ఎక్కడినుంచో అమ్మా అంటోంది. ఈసారి నా మోచెయ్యి దానికి అందలేదు.

ఇద్దరు కుర్రాళ్లు ముక్కు పట్టుకుని రాకెట్‌ను ఎత్తారు. చెవులు పట్టుకుని లేపిన కుందేలులా మొత్తం గాల్లో వేలాడింది. ఊపమన్నాను. ఊపారు. జారలేదు.

“చూశారా, ఎంత గట్టిగా ఉందో” అన్నారు మీరు. మీ ముఖంలో నిజంగానే గర్వం ఉంది. ఒక్క క్షణం మీ మీద జాలిలాంటిదేదో కలగబోయింది, ఆపుకున్నాను.

మీకంటే ముందు పిల్లకు అర్థమైంది. వేలాడుతున్న రాకెట్‌ను చూసింది, తన చేతికున్న టేపును చూసింది, నన్ను చూసింది.

“అమ్మమ్మా, నీకు తెలుసు కదా. నేను ఫోన్ చేసి అడిగాను కదా.”

మైకు మీ చేతిలో, ఆన్‌లోనే ఉంది. మైదానమంతా విన్నది. నేను మీ కోసం అట్టిపెట్టుకున్న మైకు అది.

 ముక్కు బయటికి లాగడానికే ఇద్దరు పట్టాల్సి వచ్చింది. నీలం టేపును పిల్ల గోటితో పట్టుకుని విప్పింది. అది వస్తూనే ఉంది. మీరు ఆ పొడుగాటి పీలికను తీసుకుని ఉండ చేసి జేబులో వేసుకున్నారు. మళ్లీ ఎత్తి ఊపితే ఒళ్లు మెత్తగా జారింది.

ఎగిరింది. పైన చిన్న చప్పుడు, ముక్కు ఊడింది, నారింజ రంగు పారాచూట్ విచ్చుకుంది. మా టైలరు కుట్టినట్టే, ఎక్కడా చిల్లు లేదు. అందరూ మీకు చెయ్యి కలిపారు. నా సామాను పనిచేస్తుందని లోకానికి రుజువైంది, మీ పేరు మీద.

టేపు గురించి మీరు ఒక్క ముక్క అనలేదు. తాడు దాటినందుకు చెల్లెమ్మగారికి వచ్చే లాంచ్‌లో ప్రవేశం లేదని మాత్రం ప్రకటించారు. రూలు రూలే.

పిల్ల మీ కారులో ఇంటికి వెళ్లింది.

ఏప్రిల్ 8

అది పగే.

ఏప్రిల్ 10

ఫోన్ మోగలేదు. ఛార్జింగ్ ఉంది, చూశాను.

ఏప్రిల్ 14, ఆదివారం

గేటు చప్పుడైంది. పిల్ల. పలకరించకుండా నేరుగా షెడ్డులోకి వెళ్లింది. బల్ల మీద తన సగం రాకెట్, పక్కన విరిగిపోయిన నా ముక్కు, కాలరుకు ఆ నీలం టేపు. చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది.

ఇది ఎప్పుడు తెలిసిందని అడిగింది. పడిన వారంలోనే అన్నాను. తాతయ్యకు ఎందుకు చెప్పలేదంది.

“మీ తాతగారి రాకెట్ నేలలో దిగబడటం చూడాలని.”

“బటన్ దగ్గర నేనున్నాను.”

“నువ్వు ట్యాంకు దగ్గర ఉంటావనుకున్నాను.”

“ట్యాంకు దగ్గర వేరే వాళ్ల పిల్లలుంటారు అమ్మమ్మా.”

అన్నయ్యగారూ, ఈ డైరీలో మీకు చాలా జవాబులు రాశాను.  పిల్ల ముందు మాత్రం సీసాలోని జిగురు కలుపుతూ నిలబడ్డాను. కాసేపటికి అది నా చేతిలోంచి సీసా తీసుకుని, ఇంత కలిపితే బుడగలొస్తాయి అంది. ఆ మాట దానికి నేర్పింది నేనే.

అప్పుడు చెప్పింది. మీరు బయట కారులో కూర్చున్నారట. గ్యాసు పరీక్ష మీ కళ్లతో చూస్తే, వచ్చే నెల పిల్ల రాకెట్‌కు అనుమతి రాసిస్తారట. కానీ లోపలికి రావచ్చో లేదో అడిగి రమ్మన్నారట.

“సారీ చెబుతారా?” అని అడిగాను.

“నువ్వు చెబుతావా?” అంది.

సరే. సమానం. ఇవాళ్టికి మాత్రమే. మైకులో అన్న మాట మీరు మైకులోనే వెనక్కి తీసుకునే రోజు దాకా మీ ఖాతా నా దగ్గర తెరిచే ఉంటుంది.

పరీక్షకు ఒక చిక్కు వచ్చింది. బుడ్డీలు లేవు. చివరిది ఎలా ఖర్చయిందో పిల్లకు చెప్పలేదు. పిల్ల చేత మీకు చెప్పి పంపిన మాటలు ఇవి, మీరు మరిచిపోయినా నేను మరిచిపోకుండా ఇక్కడ కూడా రాస్తున్నాను.

మలుపు దాటాక సైకిళ్ల షాపు ఉంది. మరలున్న గ్యాస్ బుడ్డీలు నాలుగు అడగండి. నున్నటి మెడవి అంటగట్టబోతాడు. గోరుతో మెడ గీకి చూసుకోండి, మర తగలాలి. సీలు మీద గీత పడ్డవి తీసుకోకండి. ఎండ తగిలే సీటు మీద కాకుండా కింద, కాళ్ల దగ్గర నీడన పెట్టుకుని రండి. గేటు దగ్గర ఆగి, ముంజేతికి ఉన్న నీలం టేపు తీసి గేటు కొక్కేనికి తగిలించండి. వంటింటి కిటికీలోంచి కొక్కెం కనిపిస్తుంది. టేపు దాని మీద కనిపించాకే షెడ్డు తలుపు తీస్తాను.